మూడో ట్రేడు దగ్గర

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. నరసరావుపేటలో ఎరువులు, పురుగుమందుల దుకాణం నడుపుతాను. 2025 ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు నిఫ్టీ ఫ్యూచర్స్‌లో (నిఫ్టీ సూచీ మీద ముందస్తు ఒప్పందాలు) ఒక్కో లాట్ (75 యూనిట్ల కట్ట) చొప్పున డే ట్రేడింగ్ (అదే రోజు కొని అమ్మేయడం) చేశాను. నాలుగు లక్షలతో మొదలుపెడితే ఇప్పుడు 2 లక్షల 30 వేలు మిగిలాయి. ఆ నాలుగు లక్షల్లో లక్షన్నర మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. ఆ సంగతి తనకు తెలియదు, బంగారం లాకర్లో ఉందనుకుంటోంది. నా పద్ధతి: మొదటి 15 నిమిషాల హై (అత్యధిక ధర) దాటి ఐదు నిమిషాల క్యాండిల్ (చార్టులో ఆ ఐదు నిమిషాల ధరను చూపే గీత) ముగిస్తే కొనడం, లో (అత్యల్ప ధర) దిగి ముగిస్తే అమ్మడం. ఆ 15 నిమిషాల రేంజ్ మధ్యలో స్టాప్ లాస్ (నష్టాన్ని అక్కడితో ఆపే ఆర్డర్), దానికి రెట్టింపు దూరంలో టార్గెట్ (లాభం తీసుకునే ధర). పద్ధతి బాగానే ఉంది, నాకే క్రమశిక్షణ లేదు. స్టాప్ పెట్టి జరిపేస్తాను. ఒకటి పోతే కసి పట్టి మళ్లీ మళ్లీ వేస్తాను. రెండుసార్లు నష్టంలో ఉన్న ఎంఐఎస్ (అదే రోజు మూసేయాల్సిన) పొజిషన్‌ను సాయంత్రం ఎన్‌ఆర్‌ఎంఎల్‌కు (మర్నాటికి ఉంచుకునే రకానికి) మార్చి రాత్రంతా మోశాను. మూడు నెలల ట్రేడ్ల పట్టిక జత చేస్తున్నాను. క్రమశిక్షణ ఎలా వస్తుంది? ధ్యానం చేస్తే ఫలితం ఉంటుందా?

సమాధానం:

ధ్యానం చేస్తే మంచిదే, చేసుకోండి. కానీ మీరు పంపిన పట్టికలో కనిపిస్తున్న జబ్బుకు అది మందు కాదు. ముందు ఆ పట్టికనే చూద్దాం, ఎందుకంటే అందులో మీరు ఊహించని సంగతులు రెండు మూడు ఉన్నాయి.

52 రోజుల్లో 286 ట్రేడ్లు. మొత్తం నష్టం దాదాపు లక్షా 70 వేలు. ఇందులో ధర మీకు ఎదురు తిరగడం వల్ల పోయింది 15 వేలే. మిగతా లక్షా 55 వేలు ఖర్చులు. నమ్మకం కలగకపోతే ఏదైనా ఒక రోజు కాంట్రాక్ట్ నోట్ (ఆ రోజు ట్రేడ్లు, ఖర్చులతో బ్రోకర్ పంపే బిల్లు) తీసి ఈ లెక్క సరిచూసుకోండి. నిఫ్టీ 25,000 దగ్గర ఉంటే 75 లాట్ విలువ 18 లక్షల 75 వేలు. మీరు ట్రేడ్ చేసిన 2025లో అమ్మకం వైపు ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) 0.02 శాతం, అంటే 375 రూపాయలు. 2024 అక్టోబర్ 1కి ముందు ఇది 0.0125 శాతమే. కొనుగోలు వైపు స్టాంప్ డ్యూటీ 37 రూపాయల 50 పైసలు. ఎక్స్ఛేంజీ చార్జీ లక్షకు 1.73 చొప్పున రెండు వైపులా కలిపి 65. బ్రోకరేజీ 20, 20. సెబీ (మార్కెట్ల నియంత్రణ సంస్థ) రుసుము దాదాపు నాలుగు రూపాయలు. బ్రోకరేజీ, ఎక్స్ఛేంజీ చార్జీ, సెబీ రుసుముల మీద 18 శాతం జీఎస్టీ, అదో 20. అంతా కలిపితే ఒక ట్రేడుకు 541 రూపాయలు. 75తో భాగిస్తే 7 పాయింట్ల పైచిలుకు. మీరు 25,080లో కొంటే అసలుకు అసలు వచ్చేది 25,080లో కాదు, 25,087 దాటాక. 'కాస్ట్‌కే బయటపడ్డాను' అని మీరు రాసుకున్న ప్రతి ట్రేడూ 541 రూపాయల నష్టమే. అలాంటివి 286 అయ్యేసరికి తడిసి మోపెడైంది.

పోలికకు ఒక అంకె. ఫ్యూచర్స్, ఆప్షన్స్ చేసే వ్యక్తుల మీద సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన అధ్యయనంలో, 2023–24లో ఒక్కొక్కరికి సగటున అయిన ఖర్చు ఏడాది మొత్తానికి 26 వేలు. మీరు దానికి దాదాపు ఆరు రెట్లు మూడు నెలల్లో కట్టారు. మూడేళ్లలో వందకు 93 మంది నష్టపోయారని చెప్పింది కూడా ఆ అధ్యయనమే.

రెండో సంగతి. 286 ట్రేడ్లనూ రోజుల వారీగా విడగొట్టాం. ప్రతిరోజూ మొదటి రెండు ట్రేడ్లు ఒక కుప్ప, మూడోది మొదలు మిగిలినవన్నీ ఇంకో కుప్ప. మొదటి కుప్పలో 104 ట్రేడ్లు, ఖర్చులకు ముందు 38 వేల లాభం. రెండో కుప్పలో 182 ట్రేడ్లు, ఖర్చులకు ముందే 53 వేల నష్టం. ఖర్చులూ కలిపితే ఆ రెండో కుప్ప ఒక్కటే లక్షన్నర మింగింది. దాదాపు మీ ఆవిడ బంగారం మీద తెచ్చినంత. మీరు ఎక్కువగా చెడుతున్న చోటు స్టాప్ కాదు, స్టాప్ కొట్టిన తర్వాతి పావుగంట. పోయినచోటే వెతుక్కోవాలని మన పెద్దలు అన్నది చెవిపోగు గురించి. మార్కెట్లో పోయిన డబ్బు పోయినచోట ఉండదు, అప్పటికే ఇంకొకరి ఖాతాలో ఉంటుంది.

ఇక మూడో సంగతి మీకు నచ్చకపోవచ్చు. 'పద్ధతి బాగుంది, నేనే బాలేను' అన్నారు. మంచి కుప్పలోని 104 ట్రేడ్లలో వచ్చిన 38 వేలను భాగిస్తే ట్రేడుకు 365 రూపాయలు. ఖర్చు 541. అంటే మీరు ఎంతో బుద్ధిగా రోజుకు రెండు ట్రేడ్లే చేసి ఆపేసి ఉన్నా 18 వేలు పోయేవి. నెమ్మదిగా పోయేవి, అంతే తేడా. క్రమశిక్షణ అనేది కలిసొచ్చే పద్ధతిని కాపాడుతుందే గాని, లేని లాభాన్ని పుట్టించదు.

అయితే ఆ 104లోనే ఒక ఆశ ఉంది. 'సెటప్ ప్రకారం' (అంటే మీ పద్ధతి షరతులన్నీ కుదిరాక వేసినవి) అని మీరే టిక్ పెట్టినవి 41. వాటి మీద ఖర్చులకు ముందు 61 వేలు, ఖర్చులు పోను 38 వేల చిల్లర లాభం. టిక్ లేని 63 ట్రేడ్లు ఖర్చులకు ముందే 23 వేలు పోగొట్టాయి. అవి క్యాండిల్ ముగియకముందే దూరినవి, టీవీలో ఎవరో చెబితే వేసినవి, 'పోనీ చూద్దాం' బాపతు. 41 ట్రేడ్లతో ఏదీ తేలదు. రెండు పెద్ద ట్రెండ్ రోజులు తీసేస్తే లెక్క తలకిందులు కావచ్చు, తీసి చూడండి. అదే షరతులతో వంద దాటితే అప్పుడు మాట్లాడుకోవచ్చు. కాబట్టి మీ ముందున్న పని 'క్రమశిక్షణ పెంచుకోవడం' అనే పెద్ద మాట కాదు. సెటప్ ప్రకారం వంద ట్రేడ్లు, ఒక్కటి కూడా కల్తీ లేకుండా, వీలైనంత తక్కువ ఖర్చుతో పూర్తి చేయడం. మిగతా ఏర్పాట్లన్నీ దానికోసమే.

మొదటి ఏర్పాటు డబ్బుది. ఉన్న 2 లక్షల 30 వేల్లోంచి లక్షన్నర తీసి బంగారం విడిపించండి. ఈ వారమే. నీతి సంగతి పక్కనపెట్టి ట్రేడింగ్ లెక్కగానే చెబుతున్నాం: వడ్డీ మీటరు తిరుగుతూ, ఇంట్లో బయటపడుతుందన్న భయంతో కూర్చున్న మనిషి స్టాప్‌ను గౌరవించలేడు. స్టాప్ కొడితే పోయే మూడు వేలు అతనికి మూడు వేలుగా కనబడవు, గొలుసులో ఒక ముక్కలా కనిపిస్తాయి. ఆవిడకు చెప్పండి. చెప్పాక ఇంకో సాయం కూడా అడగండి, రోజూ సాయంత్రం బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ ఆవిడ మెయిల్‌కు కూడా వెళ్లేలా ఫార్వర్డ్ పెట్టండి. ఒక మనిషి చూస్తారని తెలిస్తే మూడో ట్రేడు ఎంత బరువెక్కుతుందో మీకే తెలుస్తుంది.

అప్పు తీర్చాక మిగిలేది 80 వేలు. దాంతో నిఫ్టీ ఫ్యూచర్స్ లాట్ రాదు. రాకపోవడమే మేలు. ఎందుకో చూడండి. స్పాన్, ఎక్స్‌పోజర్ అనే రెండు భాగాలు కలిపి మార్జిన్ (లాట్‌కు ముందుగా ఉంచాల్సిన డిపాజిట్) కాంట్రాక్టు విలువలో దాదాపు 12, 13 శాతం, అంటే 2 లక్షల 30 వేల చుట్టూ. ఒకప్పుడు ఇంట్రాడేకు (డే ట్రేడింగ్‌కు) బ్రోకర్లు దీన్ని సగానికి, పావుకు తగ్గించి ఇచ్చేవారు. 2021 సెప్టెంబర్ నుంచి, రోజులో ఏ క్షణానైనా పూర్తి మార్జిన్ ఉండాలనే పీక్ మార్జిన్ నిబంధన వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. మీ ఖాతా మొత్తం ఒక్క లాట్‌కు అతికష్టం మీద సరిపోతోందన్నమాట. మీ మామూలు స్టాప్ 40 పాయింట్లు. అది కొడితే 3,000, ఖర్చుతో 3,541. 2 లక్షల 30 వేల ఖాతాలో ఒకటిన్నర శాతం. వినడానికి చిన్నదే. కానీ 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకు అమ్మే మనిషి మీరు. బస్తా మీద మీకు మిగిలేదెంతో మీకు తెలుసు. 3,541 రూపాయలు సంపాదించాలంటే ఎన్ని బస్తాలు మోయించాలో చెయ్యి మౌస్ మీద ఉండగానే మనసు లెక్కేస్తుంది. అందుకే స్టాప్ జరుగుతుంది. అది చేతగానితనం కాదు, సైజు పెద్దదవడం.

పోనీ నష్టాన్ని ఒక శాతంలో ఉంచుదామని స్టాప్‌ను దగ్గరికి తెచ్చారనుకోండి. 2,300లో ఖర్చు 541 తీస్తే 1,760. 75తో భాగిస్తే 23 పాయింట్లు. నిఫ్టీలో ఉదయం పూట ఒక్క ఐదు నిమిషాల క్యాండిలే అంత ఊగుతుంది. స్టాప్ ఊరికే కొడుతుంది, కొట్టాక ధర మీరనుకున్న వైపే పోతుంది, మీకు మండుతుంది, మళ్లీ దూకుతారు. మీ పట్టికలో ఆగస్టు మూడో వారం అంతా ఇదే. దూరంగా పెడితే భరించలేరు, దగ్గరగా పెడితే మార్కెట్ ఉండనివ్వదు. ఈ ఇరుకులో ఎంత నిగ్రహం ఉన్నవాడైనా రెండు వారాలు నిలవడం కష్టం.

2025 డిసెంబర్ 30 ఎక్స్‌పైరీ (కాంట్రాక్టు గడువు ముగిసే రోజు) తర్వాత లాట్ 65కు తగ్గింది. నిఫ్టీ 26,000 అనుకుంటే 2025 రేట్లతో ట్రేడు ఖర్చు 490 చుట్టూ, 45 పాయింట్ల స్టాప్‌కు 2,925, మొత్తం 3,415. ఇది ఒక శాతం కావాలంటే ఖాతాలో మీ సొంత డబ్బు 3 లక్షల 40 వేలు ఉండాలి. ఆ అంకె గోడ మీద రాసుకోండి. అక్కడికి చేరేదాకా నిఫ్టీ ఫ్యూచర్స్ మీకు లేదు. చేరడానికి దారి దుకాణం ఆదాయమే, ట్రేడింగ్ కాదు. ఫ్యూచర్స్‌కు డబ్బు చాలదని తెలిసిన మరుక్షణం 'పోనీ ఆప్షన్లు కొందాం, పది వేలు చాలు' అనిపిస్తుంది. అనిపించే తీరుతుంది. అక్కడ ధర మీ వైపు వచ్చినా, ఆలస్యంగా వస్తే ప్రీమియం (ఆప్షన్‌కు మీరు కట్టిన ధర) కరిగిపోతుంది. మీ పద్ధతిలో ఇప్పటిదాకా లేని ఇంకో శత్రువును పిలవడమే అది.

మరి వంద ట్రేడ్లు ఎక్కడ చేయాలి? నిఫ్టీబీస్‌లో. నిఫ్టీ 50ని అనుసరించే ఈటీఎఫ్ (ఎక్స్ఛేంజీలో దొరికే ఫండ్) అది, షేరులాగే కొని అదే రోజు అమ్మొచ్చు, ఎన్ని యూనిట్లైనా తీసుకోవచ్చు. సిగ్నల్ మాత్రం నిఫ్టీ చార్టు మీదే చూడండి, ఆర్డర్ ఇక్కడ వేయండి. నిఫ్టీలో 40 పాయింట్లంటే 0.15 శాతం. యూనిట్ ధర 290 ప్రాంతంలో ఉంటే 45 పైసలు. 270 యూనిట్లకు స్టాప్ కొడితే 120 రూపాయలు, ఖర్చులు అదనం. ముందు అమ్మి అదే రోజు తర్వాత కొనడానికి మీ బ్రోకర్ ఒప్పుకుంటాడో లేదో కనుక్కోండి, ఒప్పుకోకపోతే కొనుగోలు సిగ్నల్స్ మాత్రమే చేయండి. దీంట్లో సంపాదించేదేమీ ఉండదు. ఖర్చు నిష్పత్తి చూస్తే ఇది ఫ్యూచర్స్ కంటే కూడా దండగ. కానీ కాగితం మీద ట్రేడింగ్‌లో లేని ఒక గుణం ఇందులో ఉంది, నిజంగా డబ్బు పోతుంది. ఇంత చిన్న నష్టం ముందు చెయ్యి వణకదు కాబట్టి స్టాప్‌ను ముట్టుకోకుండా ఉండటం చేతికి అలవాటవుతుంది. ఇంత చిన్న నష్టం దగ్గరే జరిపే మనిషి మూడున్నర వేల దగ్గర ఎలాగూ ఆగడు. ఆ విషయం మూడు లక్షలు ఖర్చుపెట్టి తెలుసుకోనక్కర్లేదు.

సాయంత్రం దుకాణం కట్టేశాక కమోడిటీ ఎక్స్ఛేంజీ ఎంసీఎక్స్‌లో క్రూడ్ మినీ (ముడి చమురు చిన్న కాంట్రాక్టు) చేస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కూడా మీకు వచ్చే ఉంటుంది. 10 బ్యారెళ్ల కాంట్రాక్టు, రూపాయి కదిలితే పది రూపాయలు, సైజు మీకు సరిపోతుంది. కానీ మీ పద్ధతి నిఫ్టీ ఉదయానికి కట్టుకున్నది, క్రూడ్‌కు మళ్లీ మొదటి నుంచి కొలవాలి. బుధవారం రాత్రి వచ్చే అమెరికా చమురు నిల్వల నివేదిక నిమిషంలో స్టాప్‌లను దాటేయగలదు. 2020 ఏప్రిల్ 20న గడువు ముగిసిన క్రూడ్ కాంట్రాక్టు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిలైన సంగతి ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లెవరూ మరచిపోలేదు. ఇప్పటికి వద్దు.

ఇక రోజు ఎలా నడవాలో చూద్దాం. మీ ట్రేడింగ్ సమయం 9:30 నుంచి 11:00. ఆ గంటన్నరలో కౌంటర్ దగ్గర ఇంకొకరు ఉండాలి, లేదా ఆ రోజు ట్రేడింగ్ లేదు. ఖరీఫ్‌లో రైతులు యూరియా కోసం వరుస కట్టిన రోజుల్లో మీరు ఫోన్‌లో ఆర్డర్లు వేశారని టైములు చూస్తే తెలుస్తోంది. క్యాండిల్ ముగియకముందే దూరిన ట్రేడ్లలో ఎక్కువ ఆ రోజులవే. బిల్లు రాస్తూ మధ్యలో చూస్తే ధర ఎప్పుడూ 'వెళ్లిపోతున్నట్టే' ఉంటుంది.

9:10కల్లా ఒక కార్డు రాయాలి. చేత్తో రాయాలి, ఫోన్‌లో కాదు. దాని మీద ఉండాల్సినవి: తేదీ, నిన్నటి హై, లో, ముగింపు, ఈ రోజు ఎక్స్‌పైరీయా (2025 సెప్టెంబర్ నుంచి నిఫ్టీకి మంగళవారం), రిజర్వ్ బ్యాంక్ పాలసీ లాంటిది ఉందా, యూనిట్లు ఎన్ని, ఈ రోజు పోగొట్టుకోవడానికి ఒప్పుకున్న మొత్తం. 9:30కు రేంజ్ హై, లో, మధ్య ధర చేర్చండి. రేంజ్ 110 పాయింట్లు దాటితే మధ్యలో పెట్టే స్టాప్ 55 దాటుతుంది. ఆ రోజు ట్రేడ్ లేదని కార్డు మీదే రాసి మడిచేయండి. పాలసీ రోజు గవర్నర్ పదింటికి మాట్లాడతారు, సరిగ్గా మీ సమయం మధ్యలో. ఆ రోజూ సెలవే. వారానికి రెండు మూడు రోజులు ఖాళీగా పోతే పద్ధతి సరిగా నడుస్తున్నట్టు.

ఆర్డర్ వేయడంలో మీరు చేస్తున్న తప్పులు రెండు పట్టికలో దొరికాయి. రెండూ మనసుకు సంబంధించినవి కావు, చేతి పొరపాట్లు. ఒకటి, స్టాప్ ఆర్డర్‌లో ట్రిగ్గర్ (ఆర్డర్‌ను కదిలించే ధర), లిమిట్ (అంతకు తక్కువకు అమ్మొద్దనే ధర) రెండూ ఒకే ధర పెట్టారు. ట్రిగ్గర్ 25,040, లిమిట్ కూడా 25,040 అయితే ధర 25,040 నుంచి 25,036కు జారిన క్షణంలో ఆర్డర్ బుక్‌లో నిలబడిపోతుంది, అమ్ముడుపోదు. మీకు స్టాప్ ఉందనుకుంటారు, ఉండదు. సెప్టెంబర్‌లో ఒక రోజు 40 పాయింట్ల నష్టం 96 అయింది ఇలాగే. దాన్ని 'క్రమశిక్షణ లోపం' కింద రాసుకున్నారు, పాపం. ఫ్యూచర్స్‌లో అయితే ట్రిగ్గర్‌కు లిమిట్‌కు కనీసం పది పాయింట్లు ఎడం ఉంచాలి, లేదా ఎస్‌ఎల్-ఎం (ట్రిగ్గర్ తగలగానే అప్పుడున్న ధరకు అమ్మేసే ఆర్డర్) వాడాలి. నిఫ్టీబీస్‌లో పది పదిహేను పైసలు చాలు. రెండోది, టార్గెట్ దగ్గర చేత్తో అమ్మేసి పెండింగ్‌లో ఉన్న స్టాప్ ఆర్డర్‌ను రద్దు చేయడం మరచిపోయారు. అరగంట తర్వాత ధర దిగి అది తగిలింది, మీకు తెలియకుండానే షార్ట్ పొజిషన్ (చేతిలో లేనిది అమ్మినట్టు) తెరుచుకుంది. టార్గెట్, స్టాప్ రెండూ జతగా ఉండి ఒకటి తగిలితే రెండోది దానంతటదే రద్దయ్యే ఆర్డర్ మీ బ్రోకర్ దగ్గర ఉంటే అదే వాడండి. లేకపోతే బయటపడ్డాక ఆర్డర్ బుక్, పొజిషన్లు రెండూ సున్నా అయ్యాయని చూసి కార్డు మీద టిక్ పెట్టాకే కుర్చీ దిగాలి.

స్టాప్ ఆర్డర్ ఎక్స్ఛేంజీలో పడాల్సింది ఎంట్రీ దొరికిన వెంటనే. 'మనసులో స్టాప్' అనేది స్టాప్ కాదు. పడ్డాక దాన్ని ఒకే దిక్కుకు జరపొచ్చు, లాభం వైపు. జరిపినట్టు మీరే గుర్తు పెట్టిన ట్రేడ్లు 23 ఉన్నాయి. తొమ్మిది తిరిగొచ్చి మొత్తం 27 వేల లాభమిచ్చాయి, పద్నాలుగు కలిసి 98 వేలు పోగొట్టాయి. ఈ అలవాటు ఎందుకు వదలదో ఆ తొమ్మిదే చెబుతున్నాయి. ప్రతిసారీ దెబ్బ తగిలితే ఎవరైనా మానేస్తారు. అయిదింటికి రెండుసార్లు బహుమతి దొరుకుతుంటే చెయ్యి దాన్ని తెలివి అనుకుంటుంది. అందుకే నోటు పుస్తకంలో నియమం తప్పి లాభం తెచ్చిన ట్రేడ్‌ను ఎర్ర సిరాతో రాయండి. నియమం ప్రకారం పోయినదాన్ని మామూలు సిరాతోనే.

రోజుకు రెండు ట్రేడ్లు. రెండూ పోతే సరే, ఒకటి గెలిచి ఒకటి పోయినా సరే, అంతే. దీన్ని మీ మాట మీద వదలకూడదు. రెండో ట్రేడు ముగియగానే బ్రోకర్ యాప్‌లో కిల్ స్విచ్ నొక్కండి. చాలా యాప్‌లలో ఉంది. ఒకసారి నొక్కితే కొన్ని గంటలు ఆ సెగ్మెంట్ తెరుచుకోదు, మీ బ్రోకర్ దగ్గర ఎన్ని గంటలో ముందే చూసుకోండి. ఫ్యూచర్స్, ఆప్షన్స్ సెగ్మెంట్‌ను ఈ వంద ట్రేడ్లు అయ్యేదాకా పూర్తిగా ఆపేసి ఉంచండి. ఇంకో తలుపు కూడా ఉంది, యూపీఐ. నష్టం వచ్చిన నిమిషంలో ఇరవై వేలు ఖాతాలోకి తోయగలిగితే ఏ పరిమితీ నిలవదు. బ్రోకర్ ఖాతాకు జత చేసిన బ్యాంకు ఖాతాలో కనీస నిల్వ మించి ఉంచకండి. దుకాణం డబ్బు వేరే బ్యాంకులో, ట్రేడింగ్‌కు జత కాకుండా ఉండాలి. కొత్తగా డబ్బు వేయడం నెలకొకసారి, ఆదివారం మాత్రమే.

ఎంఐఎస్‌ను ఎన్‌ఆర్‌ఎంఎల్‌కు మార్చడం గురించి ఒక్క ఉదాహరణ. 2025 ఏప్రిల్ 4 శుక్రవారం నిఫ్టీ 22,904 దగ్గర ముగిసింది. సోమవారం, 7న, 21,758 దగ్గర తెరుచుకుంది. మధ్యలో 1,146 పాయింట్లు, ఏ స్టాప్ ఆర్డరూ పనిచేసే ధరే లేదు. కొన్న లాట్‌ను 'సోమవారం వస్తుందిలే' అని మోసినవారికి 9:15కే 86 వేల నష్టం. మీరు మార్చిన రెండుసార్లూ చిన్న దెబ్బతో బయటపడ్డారు, అందుకే మూడోసారి మారుస్తారు. డే ట్రేడర్ పొజిషన్‌ను రాత్రికి మోశాడంటే అప్పుడే వేరే వ్యాపారంలోకి వెళ్లినట్టు, దానికి వేరే పెట్టుబడి కావాలి. 11 గంటలకు కొత్త ఎంట్రీలు ఆపండి. ఉన్నదాన్ని 3 గంటలకు మీరే మూసేయండి, బ్రోకర్ ఆటోమేటిక్‌గా మూసే 3:20 ప్రాంతం దాకా చూడకండి.

నోటు పుస్తకంలో ఒక్కో ట్రేడుకు ఒక్కో వరుస చాలు: సమయం, అనుకున్న ఎంట్రీ, దొరికిన ఎంట్రీ, స్టాప్, ఎగ్జిట్, ఫలితం. ఫలితాన్ని రూపాయల్లో రాయకండి, స్టాప్ దూరానికి ఎన్ని రెట్లో రాయండి. 40 పైసల స్టాప్ పెట్టి 80 పైసలు తెస్తే ప్లస్ 2, స్టాప్ కొడితే మైనస్ 1. మైనస్ 1.3 దాటిన అంకె కనిపిస్తే అక్కడ ఏదో జరిగింది: ఆర్డర్ తప్పా, స్టాప్ జరిగిందా, పక్కన రాయండి. చివరి గడిలో 'నియమం: అవును, కాదు'. శనివారం రాత్రి కూర్చుని ఆ చివరి గడినే కూడండి. మొదటి నెలలో లాభనష్టాల మొత్తం చూడనే వద్దు. మీ పద్ధతి సగం కంటే తక్కువసార్లు గెలిచి రెట్టింపు తెచ్చే రకం. అలాంటిదాంట్లో వంద ట్రేడ్లకు ఒకసారైనా అయిదు వరుస నష్టాలు రావడం మామూలు విషయం, రాకపోతేనే ఆశ్చర్యం. వచ్చిన రోజున 'పద్ధతి చెడిపోయింది' అని కొత్త ఇండికేటర్ చేర్చారో, లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

వరుసగా 20 ట్రేడ్లు చివరి గడిలో 'అవును' వస్తే యూనిట్లు పెంచండి, 270 నుంచి 400కు. ఒక్క 'కాదు' పడినా వెనక్కి. వంద పూర్తయ్యాక, సెటప్ ట్రేడ్ల సగటును ఫ్యూచర్స్ ఖర్చుతో పోల్చండి. 65 లాట్‌కు 2025 రేట్లతో అది దాదాపు ఏడున్నర పాయింట్లు, జారుడుకు (అనుకున్న ధరకూ దొరికిన ధరకూ తేడాకు) ఇంకో రెండు చేర్చుకోండి. ట్రేడుకు సగటున పది పాయింట్లు కూడా మిగలని పద్ధతిని లాట్‌లోకి తీసుకెళ్లడంలో అర్థం లేదు, ఎంత క్రమశిక్షణతో చేసినా. అప్పుడు మానేయడం కూడా ఒక ఫలితమే, 80 వేలలో ఎక్కువ భాగం చేతిలో ఉండగా.

ఇవన్నీ చేశాక కూడా కిల్ స్విచ్ తీసి, వేరే బ్రోకర్ దగ్గర ఖాతా తెరిచి, మళ్లీ తాకట్టు దాకా వెళ్తున్నారంటే అది ట్రేడింగ్ సమస్య దాటిపోయినట్టు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం. సిగ్గుపడాల్సింది లేదు.

చివరగా మీరు అడగని విషయం, కానీ డబ్బున్న విషయం. ఈ నష్టాన్ని రిటర్న్‌లో చూపించండి. ఫ్యూచర్స్ నష్టం స్పెక్యులేటివ్ కాని వ్యాపార నష్టం కిందకు వస్తుంది, దుకాణం లాభంలోంచి ఈ ఏడాదే తీసేసుకోవచ్చు. ఇంకా మిగిలితే ఎనిమిదేళ్లు ముందుకు తీసుకెళ్లొచ్చు, గడువులోగా రిటర్న్ వేస్తేనే. ఇప్పటిదాకా దుకాణానికి అంచనా పద్ధతిలో ఐటీఆర్-4 వేస్తుంటే ఈసారి ఐటీఆర్-3 కావాలి. రెండింటినీ కలిపి ఎలా చూపించాలో మార్చి లోపే మీ ఆడిటర్‌తో కూర్చుని మాట్లాడండి, బ్రోకర్ సైట్‌లోంచి పన్ను లెక్కల స్టేట్‌మెంట్ దింపి పట్టుకెళ్లండి. లక్షా 55 వేల ఖర్చులు కూడా అందులో ఉంటాయి, ఒక్కటీ వదలకండి.